బీటిల్ హీటర్ ఏ కాలం నాటిది? 1952–1974 మధ్య డిజైన్ తేడాలను గుర్తుపట్టే పద్ధతి

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ను బాగుచేయిస్తున్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "మా బండిలో ఉన్న హీటర్ కంపెనీ ఇచ్చినదేనా, తర్వాత ఎవరైనా మార్చారా?" దీనికి ఒక్క భాగం చూసి జవాబు చెప్పలేం. బీటిల్‌లో హీటర్ అంటే విడిగా ఒక పెట్టె కాదు. ఇంజన్ ఫ్యాన్ నుంచి ఎగ్జాస్ట్ పైపుల చుట్టూ ఉన్న పెట్టెలు, డోర్ల కింది ఛానళ్ల మీదుగా అద్దం దాకా పరుచుకున్న దారి అది. ఆ దారిలో ఒక ముక్క 1962 నాటిదీ, పక్క ముక్క 1971 నాటిదీ అయి ఉండటం చాలా మామూలు.

1952 అక్టోబర్ నుంచి 1974 వరకు జర్మనీలో తయారైన సెడాన్ బండ్లకు ఈ మార్గదర్శి వర్తిస్తుంది. 1975 నుంచి అమెరికాకు వెళ్లిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్ల ఎగ్జాస్ట్ అమరిక వేరు, వాటిని ఇందులో కలపలేదు. బ్రెజిల్‌లో తయారైన బీటిల్‌లకు, అంటే ఫుస్కాలకు కూడా ఇది పనికిరాదు. అక్కడి బండ్లలో ఎక్కువ భాగానికి హీటర్ అసలు ఇవ్వలేదు. కుడి, ఎడమ అని రాసిన ప్రతిచోటా డ్రైవర్ ముందుకు చూస్తూ కూర్చున్నప్పటి కుడి, ఎడమలే.

1. ముందు గాలి దారి తెలుసుకోండి

బండి వెనక ఉండే ఈ ఇంజన్‌ను చల్లబరచడానికి నీళ్లు లేవు. ఫ్యాన్ వీచే గాలే సిలిండర్లను చల్లబరుస్తుంది, క్యాబిన్‌కు వెచ్చదనం కూడా ఆ ఫ్యాన్ గాలితోనే. ఆ గాలి క్యాబిన్‌లోకి ఏ దారిన వస్తుందనే దాన్నిబట్టి డిజైన్లు రెండు.

పాత పద్ధతి: ఫ్యాన్ గాలి సిలిండర్ల మీదుగా వెళ్లి వేడెక్కుతుంది. ఇంజన్ కింద, ఎగ్జాస్ట్ పైపుల చుట్టూ ఉన్న పెట్టెల్లోని ఫ్లాపులు (తెరుచుకుని మూసుకునే రేకు తలుపులు) ఆ గాలినే లోపలికి మళ్లిస్తాయి. ఇంజన్‌ను తాకిన గాలి కాబట్టి ఆయిల్ ఎక్కడ కారినా ఆ వాసన క్యాబిన్‌లోకి వస్తుంది.

ఫ్రెష్ ఎయిర్ పద్ధతి: ఫ్యాన్‌ను కప్పి ఉండే రేకు పెట్టె, అంటే ఫ్యాన్ ష్రౌడ్‌కు రెండు పక్కలా రెండు మూతులు ఉంటాయి. సిలిండర్లను తాకకముందే కొంత గాలి వాటి నుంచి గొట్టాల ద్వారా హీట్ ఎక్స్ఛేంజర్లలోకి వెళుతుంది. అక్కడ ఎగ్జాస్ట్ పైపు చుట్టూ ఉన్న రెక్కల మధ్య వేడెక్కి క్యాబిన్‌కు చేరుతుంది. ఎక్స్‌పోర్ట్ మోడల్‌కు (మెరుగైన రకం బండికి) ఈ మార్పు 1963 మోడల్ ఏడాదిలో వచ్చింది.

మిగతా తేడాలు దాదాపు అన్నీ ఈ రెండింటి కిందకే వస్తాయి. అందుకే తనిఖీని ఎప్పుడూ "ఈ బండిలో గాలి ఎటు వెళుతోంది?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి.

2. సిద్ధం చేసుకోవాల్సినవి

- మంచి టార్చి, పొడవు కాడ ఉన్న చిన్న అద్దం
- ఫోన్‌కు తగిలించుకునే పైపు కెమెరా (ఎక్స్ఛేంజర్ లోపల చూడటానికి ఇంతకంటే పనికొచ్చేది లేదు)
- వెర్నియర్ కాలిపర్, టేపు
- చిన్న అయస్కాంతం
- కిరోసిన్, మెత్తటి బ్రష్, పాత గుడ్డలు
- సుద్దముక్క, నోట్‌బుక్, కెమెరా
- జాకీ, రెండు గట్టి స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మలు

ముందు జాగ్రత్తలు:

- ఇంజన్ పూర్తిగా చల్లారాకే బండి కిందికి వెళ్లండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకండి.
- మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపకండి. ఎక్స్ఛేంజర్‌కు చిల్లు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా క్యాబిన్‌లోకి వస్తుంది. దానికి వాసన ఉండదు.
- పాత గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. పొడిగా గీకకండి, తడిపి తీయండి.
- ఫోటోలు అయ్యేదాకా రంగు వేయకండి, శాండ్ బ్లాస్టింగ్ చేయించకండి. ముద్ర వేసిన నంబర్లు, వెల్డింగ్ చుక్కలు ఒకసారి పోతే తిరిగి రావు.

3. బండి పుట్టిన తేదీని నంబర్లతో తేల్చండి

హీటర్ జోలికి వెళ్లకముందు ఈ పని పూర్తి కావాలి. రిజిస్ట్రేషన్ కాగితంలోని ఏడాదిని ఆధారంగా తీసుకోకండి. 1956 మోడల్ నుంచి ఫోక్స్‌వ్యాగన్ మోడల్ ఏడాది ఆగస్టులో మొదలవుతుంది. 1962 సెప్టెంబర్‌లో తయారైన బండి 1963 మోడల్. పైగా మన దేశానికి దిగుమతై వచ్చిన బండికి ఇక్కడ రిజిస్టర్ అయిన ఏడాదికీ, తయారైన ఏడాదికీ మధ్య చాలా కాలం గడిచి ఉండవచ్చు.

చాసిస్ నంబర్ రెండుచోట్ల దొరుకుతుంది. ఒకటి వెనక సీటు కింద, టన్నెల్ (బండి నేల మధ్యలో పొడవునా సాగే ఉబ్బెత్తు భాగం) మీద ముద్రించి ఉంటుంది. రెండోది ముందు డిక్కీలో స్టెప్నీ వెనక ప్లేటు మీద. రెండూ చదివి, రాసుకుని, పోల్చండి.

ఈ పోలిక ఎందుకంటే, బీటిల్ రెండు ముక్కల బండి. కింది ప్యాన్ ఒకటి, పైన బోల్టులతో బిగించిన బాడీ ఒకటి. టన్నెల్ మీది నంబర్, హీటర్ నాబ్, కేబుల్ నాళాలు ప్యాన్‌తో వెళతాయి. డోర్ కింది ఛానళ్లు, అద్దం దగ్గరి మూతులు బాడీతో వెళతాయి. రెండు నంబర్లు కలవకపోతే బాడీ మారిందనో, కనీసం ప్లేటు మారిందనో అర్థం. అలాంటి బండిలో ప్యాన్ భాగాలకు ఒక ఏడాది, బాడీ భాగాలకు మరో ఏడాది పెట్టుకుని తనిఖీ చేయాలి.

ఏ నంబర్ నుంచి ఏ మోడల్ ఏడాది:

- 3 192 507 నుంచి: 1961
- 4 010 995 నుంచి: 1962
- 4 846 836 నుంచి: 1963
- 5 677 119 నుంచి: 1964
- 115 000 001 నుంచి: 1965

1965 నుంచి నంబర్ తొమ్మిది అంకెలు. సెడాన్‌కు మొదటి రెండు 11, మూడో అంకె మోడల్ ఏడాది చివరి అంకె. 118తో మొదలైతే 1968. 1970 మోడల్ నుంచి పది అంకెలు: 110 2తో మొదలైతే 1970, 111 2 అయితే 1971. 1303 అనే రకం బీటిల్ బండ్లు 13తో మొదలవుతాయి.

తర్వాత ఇంజన్. జనరేటర్ స్టాండ్ కింద, క్రాంక్‌కేస్ (ఇంజన్ ప్రధాన పోత పెట్టె) మీద నంబర్ ఉంటుంది. నంబర్ చదవకముందే ఆ స్టాండ్‌నే చూడండి. స్టాండ్ క్రాంక్‌కేస్‌తో కలిపి ఒకటే పోతగా ఉంటే అది 25 లేదా 30 పి.ఎస్. (హార్స్‌పవర్‌కు జర్మన్ కొలత) పాత ఇంజన్. విడిగా చేసి నట్లతో బిగించి ఉంటే 34 పి.ఎస్. లేదా ఆ తర్వాతిది. 34 పి.ఎస్. ఇంజన్ 1960 ఆగస్టులో 5 000 001 నంబర్‌తో మొదలైంది.

1965 ఆగస్టు నుంచి నంబర్ ముందు అక్షరం వచ్చింది: డి అంటే 1200 సి.సి., ఎఫ్ అంటే 1300, హెచ్ అంటే 1500. 1970 అమెరికా మోడల్ 1600 ఇంజన్‌కు బి. తర్వాతి 1600లకు ఎ.డి., ఎ.ఇ., ఎ.కె. లాంటి జంట అక్షరాలు.

ఇంకో మాట. చవకరకం స్టాండర్డ్ మోడల్ ఎప్పుడూ ఎక్స్‌పోర్ట్ మోడల్ కంటే వెనకబడే ఉండేది. ఎక్స్‌పోర్ట్‌కు 34 పి.ఎస్. వచ్చాక కూడా స్టాండర్డ్‌లో 30 పి.ఎస్. ఇంజన్ కొన్నేళ్లు సాగింది. కాబట్టి 1963 స్టాండర్డ్ బండిలో పాత పద్ధతి హీటర్ కనిపిస్తే వెంటనే "మార్చేశారు" అనకండి.

4. లోపల నాబ్ ఉందా, లివర్లు ఉన్నాయా?

టన్నెల్ చూడండి. మూడు రకాలు.

- లాగే నాబ్: 1952 అక్టోబర్‌కు ముందు. రెండు ముక్కల వెనక అద్దం ఉన్న తొలి బండ్లలో ఇదే.
- తిప్పే గుండ్రటి నాబ్: 1952 అక్టోబర్ నుంచి 1964 మోడల్ దాకా.
- హ్యాండ్‌బ్రేక్‌కు రెండు పక్కలా రెండు లివర్లు: 1964 ఆగస్టు నుంచి, అంటే 1965 మోడల్ నుంచి.

రెండు లివర్ల పనీ ఒకటి కాదు. కుడి లివర్ వేడి గాలిని తెరుస్తుంది. ఎడమ లివర్ వెనక సీటు కింద కాళ్ల దగ్గరికి వచ్చే మూతులను తెరుస్తుంది. చాలా బండ్లలో ఎడమ లివర్ కేబుల్ తెగిపోయి ఉంటుంది. దాన్ని చూసి "లివర్ ఒకటే పనిచేసేది, రెండోది అలంకారం" అనుకుంటారు. వెనక సీటు ఎత్తి ఆ మూతుల ఫ్లాపులు ఉన్నాయో లేదో చూడండి.

ఈ భాగంలో మోసం జరిగితే రేకు మీద గుర్తు మిగులుతుంది. లివర్ల ప్యాన్‌ను నాబ్ ప్యాన్‌గా మార్చడం తేలిక కాదు. టన్నెల్ మీద కార్పెట్ పూర్తిగా తీసి, నాబ్ ఉండాల్సిన చోట మూసిన రంధ్రం, వెల్డింగ్ అతుకు, పుట్టీ ఉన్నాయేమో వేళ్లతో తడిమి చూడండి. అయస్కాంతం పట్టుకోని చోట పుట్టీ ఉన్నట్టే.

నాబ్ తిప్పినా ఏమీ కదలకపోతే నాబ్‌ను అనుమానించకండి. ప్యాన్ వెనక చివర, ఇంజన్ ముందు, కుడి ఎడమల కేబుల్ బయటికి వచ్చే నాళాలు ఉంటాయి. తుప్పు పట్టి కేబుల్ బిగుసుకుపోయేది సాధారణంగా అక్కడే. కిరోసిన్ పోసి ఒక రాత్రి వదలండి. బలంగా తిప్పితే నాబ్ అడుగున ఉన్న అసలు భాగాలు విరుగుతాయి.

5. డోర్ కింది ఛానళ్లు

రెండు డోర్ల కింద బాడీ పొడవునా సాగే పెట్టెలే వేడి గాలి నాళాలు. బాడీ బలం కూడా వీటి మీదే. అందుకే ఇవి తుప్పు పడితే మార్చక తప్పదు. నాలుగు దశాబ్దాలు వానలో తిరిగిన బండిలో అసలు ఛానళ్లు మిగలడం అరుదు.

అసలువో కావో తేల్చడానికి:

- ముందు కాళ్ల దగ్గరి మూతిలోంచి పైపు కెమెరా లోపలికి పంపండి. అసలు ఛానల్‌లో పెట్టె లోపల గాలి కోసం వేరే పొర ఉంటుంది. చవక కాపీల్లో తరచుగా ఖాళీ పెట్టె మాత్రమే కనిపిస్తుంది.
- పెట్టె అంచు వెంట వెల్డింగ్ చూడండి. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగ్ చుక్కలు సమాన దూరంలో ఉంటాయి. పొడవాటి గ్యాస్ లేదా మిగ్ వెల్డింగ్ గీత ఉంటే తర్వాత వేసినది.
- కింది నుంచి ప్యాన్ బోల్టులు చూడండి. అన్నీ ఉన్నాయా, ఛానల్‌లోని మరలు సరిగ్గా ఎదురుగా ఉన్నాయా? బోల్టు రంధ్రాన్ని సాగదీసి బిగిస్తే ఛానల్ మారిందని అర్థం.

మారిన ఛానల్ ఉన్నంత మాత్రాన బండి విలువ పోదు. సరిగ్గా వేసిన కొత్త ఛానల్, పుట్టీతో కప్పిన అసలు ఛానల్ కంటే ఎన్నో రెట్లు మంచిది. కాకపోతే నోట్‌బుక్‌లో "అసలు" అని రాయకండి.

6. ఫ్యాన్ ష్రౌడ్: నాలుగు రకాలు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ఇంజన్ మూత ఎత్తగానే కనిపించే భాగం ఇదే, తేలిగ్గా మారిపోయే భాగం కూడా ఇదే. రెండు ప్రశ్నలతో మొదలుపెట్టండి. పక్కల కింది భాగంలో హీటర్ గొట్టాల మూతులు ఉన్నాయా? గాలిని నియంత్రించేది రింగా, ఫ్లాపులా?

నియంత్రణ సంగతి కాస్త వివరంగా. చల్లటి ఇంజన్‌కు ఎక్కువ గాలి తగలకుండా ఒక థర్మోస్టాట్ పనిచేస్తుంది. కుడి పక్క సిలిండర్ల కింద ఉండే ఈ బెలోస్ (వేడికి సాగే ముడతల డబ్బా) సుమారు 65–70 డిగ్రీల దగ్గర పూర్తిగా తెరుచుకుంటుంది. 1964 మోడల్ దాకా అది ఫ్యాన్ గాలి పీల్చే నోటి దగ్గర ఉన్న రింగును కదిపేది. 1965 మోడల్ నుంచి ష్రౌడ్ లోపలి ఫ్లాపులను కదుపుతుంది.

రింగు ష్రౌడ్‌కు ముందు వైపు, అంటే సీటు వైపు గోడకు ఎదురుగా ఉంటుంది. అటు తల పెట్టడానికి చోటుండదు. కాడ అద్దాన్ని ఆ సందులోకి దించి టార్చి వేయండి.

- మూతులు లేవు, రింగు ఉంది: 1962 దాకా, పాత పద్ధతి.
- మూతులు ఉన్నాయి, రింగు ఉంది: 1963, 1964 మోడళ్లు. ఈ రకం దొరికిన కాలం తక్కువ, అందుకే పోగొట్టుకుంటే మళ్లీ వెతకడం కష్టం.
- మూతులు ఉన్నాయి, ఫ్లాపులు ఉన్నాయి: 1965 నుంచి 1970 దాకా.
- మూతులు, ఫ్లాపులతో పాటు ష్రౌడ్ ముందు వైపు ఉబ్బెత్తు గూడు: 1971 మోడల్ నుంచి 1300, 1600 ఇంజన్లు.

ఆ గూడు ఆయిల్ కూలర్ కోసం. అంతకుముందు కూలర్ ష్రౌడ్ లోపల, ఎడమ పక్క సిలిండర్లకు వెళ్లే గాలి దారిలోనే నిలబడి ఉండేది. దానివల్ల మూడో సిలిండర్‌కు (ఎడమ ముందుదానికి) వేడి గాలి తగిలేది. 1970 ఆగస్టు నుంచి కూలర్‌ను బయటి గూట్లోకి మార్చి, ఫ్యాన్‌ను వెడల్పు చేశారు. ఈ నియమాన్ని 1200 ఇంజన్‌కు వర్తింపజేయకండి. 1970 అమెరికా మోడల్‌లోని బి ఇంజన్ 1600 అయినా గూడు లేని పాత ష్రౌడ్‌తోనే వచ్చింది. 1600 కనిపించగానే గూడు ఉండాలనుకోవడం ఈ విషయంలో మామూలుగా జరిగే పొరపాటు.

రెండు మార్పులు గమనించండి. మొదటిది మోసం: మూతులను కోసేసి రేకు ముక్క వెల్డింగ్ చేసి పాత ష్రౌడ్‌లా చూపడం. లోపలి వైపు వేలు పెడితే అతుకు తగులుతుంది. రెండోది, మూతులకు రబ్బరు బిరడాలు పెట్టి వదిలేయడం. ఇది మోసం కాదు, హీటర్ తీసేసిన బండిలో చేయాల్సిన పనే. మూతులు తెరిచి ఉంచితే సిలిండర్లకు వెళ్లాల్సిన గాలి వృథా అవుతుంది.

ష్రౌడ్ చెక్‌లిస్ట్:

- మూతులు: ఉన్నాయి / లేవు / మూశారు
- నియంత్రణ: రింగు / ఫ్లాపులు / తీసేశారు
- థర్మోస్టాట్: ఉంది / లేదు
- కూలర్ గూడు: ఉంది / లేదు
- రంగు పొరల కింద వెల్డింగ్ అతుకులు: ఉన్నాయి / లేవు

థర్మోస్టాట్ లేకుండా ఫ్లాపులు మాత్రం ఉంటే అవి వదులై మూసుకుపోయే ప్రమాదం ఉంది. తనిఖీ సంగతి పక్కనపెట్టి ముందు దాన్ని సరిచేయండి.

7. ఇంజన్ రేకులు, గొట్టాలు

ష్రౌడ్ చెప్పినదాన్ని రేకులు ఒప్పుకోవాలి. ఇంజన్ వెనక భాగంలో, సైలెన్సర్‌కు పైన అడ్డంగా ఉన్న రేకును చూడండి. ఫ్రెష్ ఎయిర్ బండిలో గొట్టాలు కిందికి దిగడానికి రెండు పెద్ద గుండ్రటి రంధ్రాలు ఉంటాయి. పాత పద్ధతి రేకులో ఆ రెండూ ఉండవు. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను (సిలిండర్లకు పెట్రోల్–గాలి మిశ్రమం తీసుకెళ్లే పైపును) వేడిచేసే పైపుల కోసం ఉన్న కోతలను, ఎయిర్ క్లీనర్‌కు వేడి గాలి తెచ్చే చిన్న రంధ్రాన్ని వీటితో కలపకండి.

చేత్తో కోసిన రంధ్రాన్ని అంచు చెబుతుంది. ఫ్యాక్టరీ రంధ్రం అంచు సాఫీగా, ఒకే గుండ్రంగా ఉంటుంది. కత్తెరతో లేదా గ్రైండర్‌తో చేసినది ఎక్కడో ఒకచోట కోణం తిరుగుతుంది.

గొట్టాలు కాలక్రమంలో మార్చేవే, వాటిని బట్టి ఏ కాలమో తేల్చకండి. బయటి వ్యాసాన్ని కాలిపర్‌తో కొలిచి రాసుకోండి, కొత్తవి తెప్పించేటప్పుడు పనికొస్తుంది. గొట్టం రేకును దాటే చోట చుట్టూ సీల్ ఉండాలి. అది లేకపోతే సైలెన్సర్ వేడి ఇంజన్ గదిలోకి ఎక్కుతుంది, ఫ్యాన్ ఆ వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది. హైదరాబాద్, విజయవాడ ఎండల్లో నడిచే బండికి ఈ సీలు హీటర్ కంటే ముఖ్యం.

8. హీట్ ఎక్స్ఛేంజర్: అసలుదా, కాపీనా, ఉత్త పైపా?

ఇప్పుడు బండి కిందికి. బీటిల్‌లో కుడి ముందు సిలిండర్ 1, కుడి వెనక 2, ఎడమ ముందు 3, ఎడమ వెనక 4. వెనకవైపు 2, 4 సిలిండర్ల ఎగ్జాస్ట్ నేరుగా సైలెన్సర్‌కు బిగుస్తుంది. ముందువైపు 1, 3 సిలిండర్ల ఎగ్జాస్ట్ హీట్ ఎక్స్ఛేంజర్ గుండా సైలెన్సర్‌కు వస్తుంది.

ఆ స్థానంలో లావు రేకు పెట్టెకు బదులు వంకర తిరిగిన సన్నటి ఉత్త పైపు ఉంటే దాన్ని జే పైపు అంటారు. వేడి ప్రాంతాల్లో తిరిగిన బండ్లలో ఇది చాలా సాధారణం. హీటర్ తీసేశారని దానర్థం, ఆ బండికి హీటర్ రాలేదని కాదు. నాబ్, కేబుల్ నాళాలు ఉన్నాయంటే ఒకప్పుడు హీటర్ ఉన్నట్టే.

ఎక్స్ఛేంజర్ ఉంటే నాలుగు పరీక్షలు, ఈ వరుసలోనే.

మొదటిది, రెక్కలు. వెనక గొట్టం విప్పి పైపు కెమెరా లోపలికి పంపండి. ఫోక్స్‌వ్యాగన్ అసలు ఎక్స్ఛేంజర్‌లో ఎగ్జాస్ట్ పైపు చుట్టూ దట్టంగా పోత పోసిన అల్యూమినియం రెక్కలు ఉంటాయి. తర్వాతి చవక కాపీల్లో రెక్కలు తక్కువ, పలచటి రేకువి, కొన్నిటిలో దాదాపు ఉత్త పైపే. అయస్కాంతాన్ని కడ్డీ చివర కట్టి తాకించండి. పోత అల్యూమినియానికి అతుక్కోదు, ఉక్కు రేకుకు అతుక్కుంటుంది. "హీటర్ అంతా మార్చినా వెచ్చగా రావడం లేదు" అనే ఫిర్యాదుకు ఎక్కువసార్లు కారణం ఈ రెక్కలే.

రెండోది, బరువు. ఒకటి అసలుదని తేలితే విప్పిన రెండోదాన్ని దాని పక్కన పెట్టి ఎత్తి చూడండి. అదే ఆకారంలో ఉండి తేలిగ్గా అనిపిస్తే కాపీ.

మూడోది, నంబర్లు. కిరోసిన్‌తో మెల్లగా తుడవండి. వైర్ బ్రష్ వద్దు. ఫోక్స్‌వ్యాగన్ పార్ట్ నంబర్ మూడేసి అంకెల మూడు గుంపులు. మొదటి గుంపు ఏ బండి కోసం మొదట చేశారో చెబుతుంది: 111, 113 బీటిల్‌వి, 211 వ్యాన్‌ది. రెండో గుంపు 2తో మొదలైతే ఇంధనం, ఎగ్జాస్ట్, హీటర్ వర్గం. 255, 256 హీటర్‌వే. చివరి అంకె బేసి అయితే ఎడమ, సరి అయితే కుడి. ఎడమ పక్క సరి సంఖ్య కనిపిస్తే పెట్టినవాళ్లు తారుమారు చేశారు లేదా నంబర్ తప్పు చదివారు.

ఎబర్‌స్పేషర్, లైస్ట్రిట్జ్ ముద్రలు ఉంటే ఖంగారు పడకండి. ఇవి ఫోక్స్‌వ్యాగన్‌కు ఎగ్జాస్ట్ భాగాలు సరఫరా చేసిన జర్మన్ కంపెనీలు. అయితే ఇవే కంపెనీలు దుకాణాల్లో అమ్మడానికి కూడా చేశాయి. కాబట్టి ముద్ర ఒక్కటే చాలదు, రెక్కల పరీక్ష కూడా నెగ్గాలి.

నాలుగోది, చిల్లులు. ఇది అసలుతనం కోసం కాదు, ప్రాణం కోసం. ఎక్స్ఛేంజర్‌ను విప్పి, ఎగ్జాస్ట్ పైపు ఒక చివర బిగుతుగా మూసి, రెండో చివర నుంచి నీళ్లు నింపండి. పావుగంట ఆగండి. గాలి వెళ్లే మూతుల్లో ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే ఆ భాగం ఎంత అసలుదైనా బండికి పెట్టకూడదు. లోపల నల్లటి మసి ఉన్నా అంతే. నీళ్లు పూర్తిగా వంపి, ఆరబెట్టి, అప్పుడు దాచండి.

పాత పద్ధతి బండిలో రెక్కల పరీక్ష చేయకండి, అక్కడ ఈ రకం ఎక్స్ఛేంజర్ లేదు. ఎగ్జాస్ట్ చుట్టూ ఉన్న పెట్టెలు, ఫ్లాపులు, వాటి కేబుల్ కొక్కేలు పూర్తిగా ఉన్నాయో లేదో చూడండి. 30 పి.ఎస్., 34 పి.ఎస్. ఇంజన్ల భాగాలు ఒకదానికొకటి సరిగ్గా కూర్చోవు. సందుల్లో ముక్కలు అతికించి ఉంటే వేరే ఇంజన్ భాగాలు తెచ్చి పెట్టినట్టు.

9. ముందు డిక్కీలో పెట్రోల్ హీటర్

చలి దేశాల కొనుగోలుదారులకు అదనంగా పెట్రోల్‌తో మండే హీటర్ ఇచ్చేవారు. బీటిల్‌లో ఎక్కువగా కనిపించేది ఎబర్‌స్పేషర్ బి.ఎన్.2. ఇంజన్ నడవకపోయినా వేడి ఇవ్వడం దీని లాభం.

హీటర్ తీసేసినా గుర్తులు మిగులుతాయి: డిక్కీ అడుగున దాని పొగ గొట్టం రంధ్రం, పెట్రోల్ పైపుకు పక్క కొమ్మ, డ్యాష్‌బోర్డ్ కింద స్విచ్ చోటు, అదనపు ఫ్యూజ్ తీగలు. హీటర్ మీద ఓల్టేజీ చదవండి. 1967 ఆగస్టుకు ముందు బీటిల్ మామూలుగా 6 ఓల్టులు, ఆ తర్వాత 12. అమెరికాకు వెళ్లిన బండ్లకు 1967 మోడల్ నుంచే 12. 1964 బండిలో 12 ఓల్టుల హీటర్ ఉందంటే తర్వాత తెచ్చి పెట్టినదే. దీన్ని వెలిగించి చూడటం మాత్రం ఈ పని తెలిసిన మెకానిక్‌కే వదలండి. ఎండిపోయిన పెట్రోల్ పైపుతో వెలిగిస్తే డిక్కీలో, ట్యాంకు పక్కనే మంట.

1968 మోడల్ నుంచి డ్యాష్‌బోర్డ్‌పై వచ్చిన రెండు గాలి నాబ్‌లను హీటర్ నాబ్‌లని అనుకోకండి. అవి అద్దం కింది జాలీ నుంచి వచ్చే బయటి చల్లగాలివి.

10. సాక్ష్యాలు కలవనప్పుడు

బాడీ, ప్యాన్ ముందు. ఇంజన్ వైపు భాగాలు తర్వాత. బీటిల్ ఇంజన్‌ను నాలుగు బోల్టులు విప్పి మార్చేయవచ్చు, టన్నెల్‌ను మార్చలేరు. రెండూ గొడవపడితే టన్నెల్ మాటే నమ్మండి.

- తిప్పే నాబ్, మూతులు లేని ష్రౌడ్, 1962 నంబర్: అన్నీ కలిశాయి.
- తిప్పే నాబ్, మూతులున్న రింగు ష్రౌడ్, 4 846 836 తర్వాతి నంబర్: 1963–64 కావచ్చు. 1963 మోడల్ తొలి నెలల బండి అయితే పాత పద్ధతి కూడా న్యాయమే.
- తిప్పే నాబ్, ఫ్లాపుల ష్రౌడ్, ఎఫ్ లేదా హెచ్ ఇంజన్: ఇంజన్ మారింది. హీటర్ పనిచేస్తుంది, కానీ ఆ బండిది కాదు.
- లివర్లు, మూతులు లేని ష్రౌడ్: పాత ఇంజనో, పాత ష్రౌడో తెచ్చి పెట్టారు. హీటర్ గొట్టాలు ఎక్కడికీ కలవవు.
- 1969 నంబర్, గూడు ఉన్న ష్రౌడ్: ఇంజన్ ఎక్కువ చల్లగా ఉండాలని చేసిన మార్పు. నడిపే బండికి మంచిదే, ప్రదర్శన బండికి తప్పు.

ప్రతి భాగానికీ మూడింటిలో ఒక మాట రాయండి: "ఈ బండిదే", "ఆ కాలపు సరైన భాగం, వేరే బండిది", "తర్వాతి కాపీ". రెండో రకాన్ని తక్కువగా చూడకండి. విరిగిన అసలు ముక్క స్థానంలో అదే ఏడాది అసలు భాగం పెట్టడం మంచి పునరుద్ధరణే. ఆ విషయం రాసి ఉంచితే చాలు.

వోల్ఫ్స్‌బర్గ్‌లోని ఫోక్స్‌వ్యాగన్ ఆటోమ్యూజియం ఫౌండేషన్ చాసిస్ నంబర్ ఆధారంగా రుసుము తీసుకుని ధ్రువపత్రం ఇస్తుంది. తయారైన తేదీ, అసలు రంగు, ఫ్యాక్టరీలో అమర్చిన అదనపు సామగ్రి అందులో ఉంటాయి. 1963 మోడల్ తొలి నెలల బండికి, పెట్రోల్ హీటర్ గుర్తులున్న బండికి ఈ పత్రం తెప్పించుకున్నాకే భాగాలు కొనండి.

11. పాత భాగం కొనేముందు అమ్మేవారిని అడగాల్సిన ఫోటోలు

దూరం నుంచి తెప్పించుకునే హీట్ ఎక్స్ఛేంజర్‌కు రవాణా ఖర్చే ఎక్కువ. డబ్బు పంపకముందు ఇవి అడగండి:

- గాలి మూతిలోంచి టార్చి వెలుగులో రెక్కల ఫోటో, రెండు చివరల నుంచీ
- పార్ట్ నంబర్, కంపెనీ ముద్ర దగ్గరి ఫోటో, రంగు వేయకముందుది
- సిలిండర్‌కు బిగిసే అంచు నేరుగా ఎదుటి నుంచి (వంగి ఉంటే పొగ కారుతుంది)
- ఫ్లాపు మూసినప్పుడు ఒకటి, తెరిచినప్పుడు ఒకటి
- కేబుల్ తగిలే లివర్, దాని బిగింపు నట్టు
- అడుగు భాగం మొత్తం, తుప్పు కనిపించేలా
- కుడి ఎడమల జత ఒకే ఫోటోలో, పక్కన స్కేలు పెట్టి

నల్లరంగు నిగనిగలాడే ఫోటో ఒక్కటే పంపి, రెక్కల ఫోటో అడిగితే దాటవేసేవారి దగ్గర కొనకండి.